బీరువా మీద ఉడికిన 2018: ఓపస్ వన్ వీడియోకి ఒక కరెక్షన్

ఈరోజు కొత్త టాపిక్ కాదు, నా తప్పు దిద్దుకునే ఎపిసోడ్. 21 ఏళ్లు నిండనివాళ్లు విని వదిలేయండి.

ఓపస్ వన్ 2018 సీసా ఓపెన్ చేసిన వీడియోలో "అదిరిపోయింది" అన్నాను కదా? అబద్ధం. ఉడకబెట్టిన కిస్‌మిస్ వాసనొచ్చింది. శాన్‌హోజే నుంచి బావ ప్రేమగా తెచ్చాడు, మంచి ఫోన్ ఖరీదు. బాలేదంటే బాధపడతాడని, నాకు టేస్ట్ తెలీదంటారని భయపడ్డాను.

అసలేంటీ వైన్? నాపా వ్యాలీకి చెందిన రాబర్ట్ మొండావి, ఫ్రాన్స్‌లో మూటన్ ఎస్టేట్ నడిపిన బారన్ ఫిలిప్ డి రాత్‌షీల్డ్ కలిసి మొదలుపెట్టారు. మొదటి వింటేజ్ 1979. ఎక్కువ భాగం కాబెర్నే సావిన్యోన్, కొద్దిగా మెర్లో లాంటి ద్రాక్షలు.

వింటేజ్ అంటే ద్రాక్ష కోసిన ఏడాది. ఆవకాయ లాగే, ఆ ఏడు కాయ ఎలా ఉంటే జాడీ అలా. 2017 అక్టోబర్‌లో నాపాలో కార్చిచ్చులు రేగాయి. 2018లో వాతావరణం నిదానంగా ఉండి కాయ నెమ్మదిగా పండింది. అందుకే ఆ ఏడాదికి అంత పేరు.

మరి నా సీసా ఎందుకు చెడింది? తాడేపల్లిగూడెంలో మా ఇంటి బీరువా మీద రెండు వేసవులు నిలబెట్టి ఉంచాను. వేడికి లోపలి వైన్ వ్యాకోచించి బిరడాని పైకి తోసింది, గాలి దూరింది. రేకు కింద ఎర్రటి చార కనిపించినా పట్టించుకోలేదు. కొల్లేరు చేపల లారీ ఐస్ లేకుండా కదలదని చిన్నప్పట్నుంచీ చూస్తున్నవాణ్ణి, ఈ మాత్రం తట్టలేదు!

మొన్న బెంగళూరులో ఫ్రెండ్ ఇంట్లో అదే 2018, వైన్ ఫ్రిజ్‌లో సుమారు 13 డిగ్రీల్లో పడుకోబెట్టి దాచింది, తాగాను. గంట ముందు వేరే పాత్రలోకి వంచాం. నల్లద్రాక్ష, దేవదారు చెక్క వాసన. తర్వాత నాలుక పట్టేసే వగరు. టానిన్ అంటే అదే. ఉగాది పచ్చడి తిన్న మనకి ఆ రుచి కొత్తేం కాదు. పులుపు, వగరు, పండు ఒకదాన్నొకటి మింగకుండా ఉండటమే దీని గొప్ప.

ఆ రాత్రే బావకి ఫోన్ చేసి నిజం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వీడియోలో నీ మొహం చూసి నాకప్పుడే తెలిసిందిరా" అన్నాడు.

పాత వీడియో తీసెయ్యట్లేదు. కింద ఈ కరెక్షన్ పిన్ చేశా. ఖరీదైనది నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. ముందు మాత్రం దాన్ని ఎక్కడ దాచారో చూసుకోండి. ఉంటాను మరి.