గల్లాపెట్టె ఎవరి చేతిలో ఉండాలి?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం మన కుటుంబాలు, హోటల్ వ్యాపారం. ఉన్నమాట చెప్పాలంటే ఇది పిజ్జా గొడవ. కోయంబత్తూరులో, మదురైలో మన పిల్లలు కొందరు నేతకు రాకుండా పిజ్జా అంగడి పెడతామంటున్నారు. పెద్దవాళ్లేమో "నాడె పట్టిన చేత్తో మైదా పిసుకుతావా?" అంటున్నారు. ఆ బాధ నాకు తెలుసు. కానీ భయపడాల్సిన చోటు అది కాదని నా అభిప్రాయం.

పిజ్జా మొదటినుంచీ వలసపోయినవాళ్ల తిండే. ఇటలీలో నేపుల్స్ ఊరి కూలిజనం తిన్న రొట్టె అది. పని వెదుక్కుంటూ న్యూయార్క్ పోయినవాళ్లు వెంట తీసుకుపోయారు. ఇవాళ ఇంత పెద్దదైన పిజ్జా హట్ కూడా 1958లో డాన్ కార్నీ, ఫ్రాంక్ కార్నీ అనే అన్నదమ్ములు వాళ్లమ్మ దగ్గర 600 డాలర్లు అప్పు తీసుకొని, అమెరికాలో విచిటా ఊళ్లో పెట్టిన చిన్న అంగడే. మన దేశానికి వచ్చింది 1996లో.

మనమూ వలస వచ్చినవాళ్లమే కదా. విజయనగరం వాళ్ల కాలంలో, మదురైలో విశ్వనాథ నాయకుడి ఏలుబడి మొదలైన 1529 ప్రాంతంలో, ఆ తర్వాత కూడా, తెలుగు జనం గుంపులు గుంపులుగా ఈ పక్కకి దిగారు. సిపాయిలు, రైతులు, నేతగాళ్లు. అందరం ఒకే బండిలో రాలేదు, ఒకే పని చేయలేదు. భూమి దొరికిన నాయుళ్లు పత్తి పండించారు, తర్వాత మిల్లులు పెట్టారు. లక్ష్మీ మిల్స్ 1910లో వచ్చింది. మన దేవాంగులు, పద్మశాలీలు నూలు తెచ్చి నేశారు.

హోటల్ అంటే చిన్నచూపు వద్దు. కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు మోటార్ సైకిల్ కొనాలని కోయంబత్తూరు వచ్చి హోటల్లో సర్వర్‌గా పనిచేసి డబ్బు కూడబెట్టినవాడే. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య మొదలుపెట్టాడు. ఆ తర్వాత కథ మీకందరికీ తెలిసిందే.

ఇక అన్నపూర్ణ. కోయంబత్తూరులో ఆ సాంబారు రుచి తెలియనివాళ్లు ఈ సభలో ఉండరు. కె. దామోదరసామి నాయుడు మొదట సినిమా థియేటర్లో కాఫీ, చిరుతిండి అమ్మాడు. 1968లో తమ్ముళ్లతో కలిసి ఆర్.ఎస్. పురంలో అన్నపూర్ణ తెరిచారు. మనం చూడాల్సింది సాంబారు కాదు. వండింది వాళ్లే, పేరు వాళ్లదే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నదీ వాళ్లే. తినేవాడికీ వాళ్లకీ మధ్య ఇంకొకడు లేడు.

మన చీర సంగతి? నూలు మాస్టర్ వీవర్ ఇస్తాడు, డిజైన్ ఆయన చెప్తాడు, చీర ఆయన తీసుకుపోతాడు. కోవై కోరా చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ కట్టుకున్నామెకు అది ఎవరు నేశారో తెలీదు. కో-ఆప్టెక్స్ వాళ్లు కొన్ని చీరలకు నేసినవాళ్ల ఫోటో, పేరు ఉన్న కార్డు పెట్టారు. ఆ ఒక్క కార్డు కోసం తరతరాలు ఆగాం.

ఇంకో మాట, ఇది కొందరికి నచ్చదు. మగ్గం ఒక్క మనిషి పని కాదు. అవ్వ కండెలు చుట్టాలి, కోడలు ఆసు పోయాలి, పడుగుకు గంజి పెట్టేటప్పుడు ఇల్లంతా వీధిలో ఉండాలి. కూలీ మాత్రం నాడె ఆడించినవాడి పేరునే వస్తుంది. మిగతావాళ్ల పని పనిలో లెక్క కాదు. ఇప్పుడు పిజ్జా అంగడిలో ఏం జరగబోతోంది? పొద్దున్నే పిండి కలిపేది కోడలు. కూరగాయలు తరిగేది అత్త. రాత్రి పదకొండుకి ఓవెన్ కడిగేది మళ్లీ ఆ కోడలే. లైసెన్సు, బ్యాంకు ఖాతా మాత్రం కొడుకు పేరున. మగ్గం పోయినా మగ్గంలోని అన్యాయం ఇంట్లోనే ఉండిపోతుంది. నా భయం ఇక్కడ. మైదాపిండి దగ్గర కాదు.

కాబట్టి పిల్లలకి చెప్పేది ఇదీ. అన్నదమ్ములు గాని, భార్యాభర్తలు గాని కలిసి పెడితే భాగస్వామ్య పత్రం రాసుకోండి. 1932 నాటి చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే లాభం అందరికీ సమానం. రిజిస్టర్ చేయని సంస్థ బాకీదారుడి మీద కోర్టుకు పోలేదు. "మన ఇంట్లో కాగితాలేంటి" అనే మాటతో ఎన్ని అంగళ్లు రెండు ముక్కలయ్యాయో మీకు తెలుసు. పత్రంలో కోడలి పేరు, ఆమె వాటా అంకె రాయండి. నూరుకు ఇంత అని.

పన్ను గురించి అడుగుతున్నారు. రెస్టారెంటుకు 5 శాతం. ఓవెన్ మీద కట్టిన పన్ను అందులోంచి తిరిగి రాదు, ముందే లెక్కలో వేసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పిజ్జా బ్రెడ్డు మీద పన్ను తీసేశారు. అన్నట్టు, 2024లో అన్నపూర్ణ శ్రీనివాసన్ గారు కోయంబత్తూరు సభలో కేంద్ర మంత్రి ముందు నిలబడి, ఉత్త బన్నుకు పన్ను లేదు, క్రీమ్ పూస్తే 18 శాతం, ఇదేం లెక్క అని అడిగారు. తర్వాత అది రాజకీయం అయిపోయింది, దాని జోలికి నేను పోను. తన సరుకు లెక్క తనకి తెలిసిన మనిషి అట్లా అడగగలడు. నూలు మీద పన్నెంతో మనలో ఎంతమంది చెప్పగలరు?

సమాఖ్య పెద్దలకు ఒక విన్నపం. ఇకమీద అంగడికి సాయం కావాలని కుర్రవాడు వస్తే, ఓవెన్ ఖరీదు అడిగే ముందు పిండి ఎవరు కలుపుతారో అడగండి. ఆమెను కూడా పిలిపించి కూర్చోబెట్టండి. సంతకం ఇద్దరిదీ తీసుకోండి.