పులిహోరలో ఏముంది?



డబ్లిన్‌లో మన వంటలు అమ్మే మిత్రుడొకరు "అన్నయ్యా, మా వెబ్‌సైటు ఓసారి చూసిపెట్టండి" అన్నారు. ఫోనులో తెరిచాను. సర్టిఫికెట్ గడువు తీరి, 'సురక్షితం కాదు' అని బ్రౌజరు హెచ్చరిక. లెట్స్ ఎన్‌క్రిప్ట్ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. నంబరులో +353 తర్వాత సున్నా ఉంచేశారు. నొక్కితే కాల్ కలవలేదు. ఇవన్నీ ఒక పూట పని.

అసలు చిక్కు మెనూతో. మొత్తం ఒకే ఫొటో! చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు అందులో అక్షరాలు దొరకవు. పైగా ఏ వంటలో ఏముందో లేదు. పల్లీలు, జీడిపప్పు, ఆవాలు మనకు పోపు సామానే. కానీ యూరప్ చట్టంలోని 14 అలర్జీ పదార్థాల్లో ఈ మూడూ ఉన్నాయి, నువ్వులతో సహా. ఆన్‌లైన్‌లో అమ్మేవారు కొనక ముందే ఆ వివరం చెప్పాలన్నది 2014 డిసెంబరు నుంచి అమల్లో ఉంది.

"పులిహోరలో పల్లీలుంటాయని తెలియనిదెవరికండీ?" అన్నారాయన. మనకు తెలుసు. పల్లీ పడని ఐరిష్ పిల్లాడికి, వాళ్లమ్మకు ఎలా తెలుస్తుంది?

ఆ రాత్రి వాళ్లావిడ చెబుతుంటే నేను టైపు చేశాను. ఇంగువ దగ్గర ఇద్దరం ఆగాం. డబ్బా తిప్పి చూస్తే, గోధుమపిండి!