దేశభక్తి, జాతీయత, జాతిద్వేషము

(కదిరి పట్టణమున ఒక పఠనమందిరమునందు జరిగిన ఉపన్యాసము)



నేడు మనము విచారింపవలసిన ప్రశ్న యిది. దేశభక్తి, జాతీయత, జాతిద్వేషము అను మూడును ఒకే చెట్టున కాచిన కాయలా, లేక ధర్మముచేత వేఱైనవా? తనవారిని ప్రేమించుట యనగా పరులను తక్కువగా చూచుటయే యనియు, ఈ మూడింటికిని భేదము మోతాదులో మాత్రమే కలదనియు కొందఱు వాదింతురు. మఱికొందఱు తమ దేశభక్తి పరిశుద్ధమైనదనియు, ద్వేషమన్నది పరదేశీయుల రోగమనియు తృప్తిపడుదురు. ఈ రెండు వాదములును నాకు సమ్మతములు కావు.

ఈ చిక్కునకు మన భాషలోనే ఒక మూలము కలదు. ‘జాతి’ యన్న మాటకు పుట్టుక యని అర్థము. భారతజాతి యన్నను, తెల్లజాతి యన్నను, హీనజాతి యన్నను మనకు ఆ మాటయే దిక్కు. జాతీయత యని మనము గౌరవించునదియు, జాతివివక్ష యని గర్హించునదియు ఒక్క పదమునుండియే వచ్చినవి. మాట యొక్కటియైనచోట మనస్సు ఒక యర్థమునుండి మఱియొక యర్థమునకు తెలియకుండ జాఱిపోవును. కావున ముందుగా భేదమును తేటపఱచుకొందము.

దేశభక్తి ఋణము వంటిది. తన్ను పోషించిన నేలకును, తోడివారికిని తానేమి చేయవలెనని మనుష్యుడు తన్ను తాను అడుగుకొనుట. జాతీయత హక్కు వంటిది. మా పాలన మా చేతిలో నుండవలెనని ఒక జనసమూహము ఇతరులను అడుగుట. జాతిద్వేషమో, తీర్పు వంటిది. ఎదుటివాడేమి చేసెనో విచారింపక, ఎవరికి పుట్టెనో చూచి శిక్షయో రక్షయో విధించుట. మొదటిదానివలన ఎవరికిని కీడు లేదు. రెండవది తాను కోరిన హక్కును ఇతరులకును ఒప్పుకొన్నంతవఱకు న్యాయము. మూడవది ఏ కొలతలోను న్యాయము కాజాలదు.

పాత అనంతపురము జిల్లాలో జరిగిన సంగతి నొకదానిని చూడుడు. 1893 అక్టోబరు 4వ తేదీని గుంతకల్లువద్ద త్రాగిన తెల్లసైనికులు ఇద్దఱు స్త్రీలను వెంబడించిరి. రైలుగేటు కావలివాడైన గూళపాళ్యము హంపన్న వారికి అడ్డుపడి తుపాకిగుండుకు బలియయ్యెను. విచారణ మద్రాసు హైకోర్టున జరిగెను; నిందితుడు నిర్దోషి యని విడుదలయ్యెను. ఆనాటి తెల్లవారి పలుకుబడి యెట్టిదో యెఱుగుటకు మఱి పదేండ్లు వెనుకకు పోవలెను. దేశీయ న్యాయాధికారులకు ఐరోపీయులను విచారించు అధికారము నీయబూనిన ఇల్బర్టు బిల్లుపై 1883లో ఇచ్చటి తెల్లవారు పెద్ద యాందోళనము సలిపిరి. ఐరోపీయ నిందితుడు సగమునకు తక్కువ కాకుండ తనవారున్న జ్యూరీని కోరుకొను హక్కును 1884 నాటి చట్టమున చేర్పించుకొనిరి. వారికి స్వదేశాభిమానము లేకపోలేదు. ఐనను ఆ యభిమానము న్యాయస్థానమున జొచ్చి, పుట్టుకకు రక్షణ యడిగినప్పుడు దాని పేరు మాఱిపోయినది.

మనవారేమి చేసిరి? గుత్తి ప్లీడరు కేశవపిళ్ళెగారు ఈ యన్యాయమును పత్రికల కెక్కించిరి. హంపన్న స్మారకశిలను దేశీయులును ఐరోపీయులును కలసి నిలిపిరి. త్రాగిన ఐరోపీయ సైనికులనుండి స్త్రీలను కాపాడుచు అతడు మరణించెనని దానిపై చెక్కించిరి. బాధితునకు ద్వేషించు హక్కు కలదని చెప్పువారు ఆ శిలను తలచుకొనవలెను. తప్పు చేసినవానిని పేరుపెట్టి నిందించుట వేఱు. వాని వర్ణమువారినందఱను ద్వేషించుట వేఱు. సైనికుల దుండగమును దాచకయే సజ్జనులైన ఐరోపీయులతో చేయి కలుపుటకు మనవారికి అడ్డేమియు కలుగలేదు.

ఇక జాతీయత త్రోవ తప్పు విధమును రంగూనులో చూడవచ్చును; అచ్చట బలియైనవారు మన తెలుగువారే. నాడు బర్మా బ్రిటిషు ఇండియాలో నొక భాగము. 1930 మే నెలలో, ఇచ్చట ఉప్పు సత్యాగ్రహము సాగుచుండగా, రంగూను రేవులో సరకులు మోయు తెలుగు కూలీలు కూలి పెంచుడని సమ్మె కట్టిరి. గోదావరి ముఖమున నున్న కొరంగి రేవు పేరిట వారిని అచ్చట కొరంగీలనెడివారు. యజమానులు వారికి మాఱుగా బర్మా కూలీలను పెట్టుకొనిరి; సమ్మె తీరగానే ఆ బర్మా కూలీలను వెడలగొట్టిరి. మే 26వ తేదీని రేవులో మొదలైన కొట్లాట వీధులకు ప్రాకెను. నూఱుమందికి పైగా మడిసిరి. వారిలో పెక్కుమంది తెలుగు కూలీలు.

బర్మీయుల బాధ అబద్ధము కాదు. 1931 జనాభా లెక్కలలో రంగూను వాసులలో సగమునకు మించి భారతీయులే. తమ ముఖ్యపట్టణమున తామే కొద్దివారైన జనులు స్వపరిపాలన కోరిన తప్పేమి? తప్పు మఱియొకచోట నున్నది. ఇద్దఱు బీదవారిని పోటీకి దింపి, ఒకనిని పిలిచి మఱునాడు వెడలగొట్టినవాడు యజమాని. కత్తి దిగినది కూలివాని మెడపై. ఏలయన, యజమాని దోషమును కనుగొనవలెనన్న అతడేమి చేసెనో విచారింపవలెను. కూలివానిని గుర్తించుటకు ముఖము చూచిన చాలును. జాతిద్వేషము ఇంత సులభమైనది గనుకనే ఇంత వేగముగ వ్యాపించును.

అట్లని జాతీయతను పూర్తిగా విడువవలెనా? రవీంద్రనాథ ఠాకూరుగారు 1916లో జపానునందును, అమెరికాయందును ఉపన్యసించి జాతీయతను తీవ్రముగ ఖండించిరి. వారే 1919లో మన పొరుగున మదనపల్లెలో నుండి జనగణమన గీతమును ఆంగ్లమున అనువదించిరి. 1950 జనవరి 24వ తేదీని అదియే జాతీయగీతమయ్యెను. ఇందు వైరుధ్యము లేదు. జనులను యంత్రమున భాగములుగా చేసి పరులపైకి తోలు జాతీయతను వారు నిరాకరించిరేకాని, దేశమును ప్రేమించుట మానలేదు.

ఇక మన యింటి సంగతి. ఆంగ్లప్రభుత్వము 1871లో నేరస్థజాతుల చట్టమును చేసెను. 1911లో అది మద్రాసు రాజధానికిని వచ్చెను. ఎఱుకలవారు మొదలగువారిని పుట్టుకచేతనే దొంగలుగ నెంచి, పేర్లు పట్టీల కెక్కించి, పోలీసుల కన్నుక్రింద నుంచిరి. బాపట్ల సమీపమున స్టూవర్టుపురము 1913లో ఇట్లే వెలసెను. ఆ చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను. తెల్లవాని శాసనము పోయినది. ‘స్టూవర్టుపురము దొంగ’ యన్న మాట మాత్రము తెలుగువాని నోట నిలిచి, చలనచిత్రముల పేర్లకును ఎక్కినది. ఇల్బర్టు బిల్లును అడ్డగించినవారు పుట్టుక చూచి తనవానిని కాపాడుకొనజూచిరి. ఈ మాట పుట్టుక చూచి పరుని బంధించుచున్నది. రెండును ఒకే తీర్పు. మొదటిదానిని నిందించి రెండవదానిని పలుకువాడు దేశభక్తుడనిపించుకొనునా?

కదిరివారమైన మనకు ఇది పుస్తకములలోని వాదము కాదు. వానలు తప్పి వేరుసెనగ చేతికి రాని యేట మన పల్లెలవారు బెంగుళూరునకును, కేరళమునకును కూలికై తరలిపోవుదురు. అచ్చట మనవాడు పరభాషవాడు, పరాయివాడు. ఆ వీధిలో దొంగతనము జరిగినప్పుడు ‘నీ వేమి చేసితివి’ అని యడుగవలెనేకాని, ‘నీ వెక్కడివాడవు’ అని యడిగి కొట్టరాదని మనము కోరుదుము. పని వెదకుచు మన యూరికి వచ్చిన ఉత్తరదేశపు కూలికిని, ఊరి వెలుపల గుడారము వేసిన సంచారజీవికిని, వేఱు కులమువానికిని, వేఱు మతమువానికిని అదే న్యాయమును మనము చెల్లించుచున్నామా? నరసింహస్వామి బ్రహ్మోత్సవములకు ముసల్మానులును వచ్చు ఊరు మనది. పుట్టుక గర్వమును ఎగతాళి చేసిన వేమన సమాధి యున్న కటారుపల్లి మనకు చేరువనే యున్నది. ఇవి గొప్పలు చెప్పుకొనుటకు కాదు, నడచుకొనుటకు.

కావున నా మనవి చిన్నది. జగడమైనప్పుడు, సొమ్ము పోయినప్పుడు, పేరును కులమును ఊరును ముందడుగకుడు, కార్యమును విచారింపుడు. పత్రికలవారు నేరము వ్రాయునప్పుడు నిందితుని కులమును శీర్షిక కెక్కింపకుందురుగాక. ఇక ఈ నేలకు మనము తీర్చవలసిన ఋణము చాల మిగిలియున్నది. చెరువులలో పూడిక తీయవలెను. గుట్టలపై చెట్లు పెంచవలెను. కూలికై పోయినవారి బిడ్డలు బడి మానకుండ చూడవలెను. ఈ పనులలో దేనికిని ఒకరిని ద్వేషింపవలసిన యక్కఱ లేదు.