పోయినసారి పనిచేసిన టాబ్లెట్ ఈసారి ఎందుకు పనిచేయలేదు?

ఈరోజు టాపిక్ గురించి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. యూరిన్ ఇన్ఫెక్షన్. వెళ్తే మంట, మళ్లీ ఐదు నిమిషాలకే వెళ్లాలనిపించడం, తీరా వెళ్తే నాలుగు చుక్కలు. ఆడవాళ్లలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. ఎందుకంటే వాళ్లలో మూత్రమార్గం పొడవు 4 సెంటీమీటర్లే, మగవాళ్లలో దాదాపు 20. బ్యాక్టీరియాకి దారి దగ్గర, అంతే. "శుభ్రంగా ఉండదు, అందుకే వచ్చింది" అనే మాట దయచేసి ఎవరినీ అనకండి.

మా కజిన్ ఒకమ్మాయి హాస్టల్లో ఉంటుంది. మంట మొదలవగానే రూమ్‌మేట్ పాత ప్రిస్క్రిప్షన్ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుని మెడికల్ షాపులో చూపించింది. సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చారు. అంతకుముందు ఏడాది తనకి కూడా అదే పనిచేసింది కాబట్టి ధైర్యంగా వేసుకుంది. వారం తిరిగేసరికి చలిజ్వరం, నడుము పక్కన నొప్పి. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా వెళ్లింది, అడ్మిట్ చేయాల్సి వచ్చింది. యూరిన్ కల్చర్ రిపోర్టులో సిప్రో పక్కన 'ఆర్' అని ఉంది. ఆర్ అంటే రెసిస్టెంట్.

ఇంట్లో అందరూ "నీ బాడీకి ఆ మందు అలవాటైపోయిందే" అన్నారు. కాదండీ. బాడీ మారలేదు, బ్యాక్టీరియా మారింది.

ఎలా మారుతుంది? ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ శాతం ఈ.కోలి అనే బ్యాక్టీరియా వల్లే. అది మన పేగుల్లోనే ఉంటుంది. అది రెండుగా విడిపోవాలంటే ముందు డీఎన్ఏని కాపీ చేసుకోవాలి. అందుకు గైరేజ్ అనే ఎంజైమ్ కావాలి. సిప్రో వెళ్లి దాన్ని పట్టేస్తుంది. కానీ కోట్ల కాపీల్లో ఎక్కడో ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు గైరేజ్ జీన్‌లో సరిగ్గా మందు అతుక్కునే చోట పడితే, మందుకి పట్టు దొరకదు. మామూలుగా ఆ ఒక్క బ్యాక్టీరియాకి పెద్ద లాభమేం లేదు. మీరు టాబ్లెట్ వేశారనుకోండి, చుట్టూ ఉన్నవన్నీ చచ్చిపోతాయి, జాగా మొత్తం దానిదే. అనుకూలంగా ఉంటే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది.

ఇంకో సంగతి. మీరు జలుబుకని వేసుకున్న యాంటీబయాటిక్ కూడా పేగుల్లో ఇదే ఎంపిక చేస్తుంది. జలుబు వైరస్‌ది, దానికి ఆ మందు దండగ. కానీ పేగులోని ఈ.కోలికి మాత్రం ట్రైనింగ్ అయిపోతుంది.

ఇది బగ్ లాంటిది, పిల్లలకి మాత్రమే వెళ్తుంది. ప్లాస్మిడ్లు ఇంకా డేంజర్. అవి చిన్న డీఎన్ఏ రింగులు. మనం ఒకప్పుడు షేరిట్‌లో సినిమా పంపుకున్నట్టు ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి ఇచ్చేస్తుంది, వేరే జాతి అయినా సరే. ఒకే రింగులో నాలుగైదు మందులకి విరుగుడు ఉండొచ్చు. 2008లో స్వీడన్‌లో భారత సంతతి పేషెంట్ ఒకరి యూరిన్‌లో ఇలాంటి జీన్ దొరికింది. అంతకుముందు ఆయన ఢిల్లీలో ఆసుపత్రిలో ఉన్నారు. మిగతావేవీ పనిచేయనప్పుడు వాడే కార్బపెనమ్ ఇంజెక్షన్లని కూడా అది ముక్కలు చేస్తుంది. పేరు ఎన్‌డీఎం-1. ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. ఆ పేరు మీద మనవాళ్లకి కోపమొచ్చింది, గొడవంతా పేరు మీదే నడిచింది.

మన దగ్గరి సంగతి చూడండి. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధి చేసే ప్లాంటు ఉంది. అక్కడ్నుంచి బయటికొచ్చే నీళ్లని పరీక్షించి 2007లో స్వీడన్ సైంటిస్టులు పేపర్ వేశారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో! టాబ్లెట్ వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. అంటే వాగులో ఉన్న బ్యాక్టీరియాకి మందు ఫుల్ డోస్ అందింది. టాబ్లెట్ వేసుకునేవాళ్లని తిడితే ఇది తీరదు.

మరి మందే లేదా? ఉంది. 1950ల నాటి నైట్రోఫ్యురాంటాయిన్ ఇప్పటికీ చాలా ఈ.కోలి మీద పనిచేస్తోంది. అది బ్యాక్టీరియాని ఒకేసారి చాలా చోట్ల కొడుతుంది, ఒక్క తప్పుతో తప్పించుకోవడం కష్టం. కానీ అది మూత్రంలోనే బాగా చేరుతుంది, కిడ్నీ ఇన్ఫెక్షన్‌కి చాలదు. కాబట్టి పేరు విన్నాం కదా అని షాపుకి వెళ్లి కొనకండి.

జ్వరం ఉన్నా, మాటిమాటికీ వస్తున్నా, ప్రెగ్నెన్సీ అయినా, మగవాళ్లకి వచ్చినా కల్చర్ అడగండి. శాంపిల్ యాంటీబయాటిక్ మొదటి టాబ్లెట్‌కి ముందే ఇవ్వాలి, తర్వాత ఇస్తే రిపోర్టు తప్పుదోవ పట్టించొచ్చు. మొదట కొంచెం వదిలేసి మధ్యలో పట్టండి, ఆలస్యం చేయకుండా ల్యాబ్‌కి ఇవ్వండి. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. మంట ఎక్కువుంటే అప్పటిదాకా ఆగనక్కర్లేదు, శాంపిల్ ఇచ్చాక డాక్టర్ ఒక మందు మొదలుపెట్టి, రిపోర్టు చూసి మారుస్తారు. ఆ రిపోర్టు ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి, వచ్చేసారి డాక్టర్‌కి చూపించడానికి. రూమ్‌మేట్‌కి ఫార్వర్డ్ చేయడానికి కాదు!