దీపము నిలుపు దానము

ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాలలో అఖండదీపాలకై దాతలు ఆవులను, గొఱ్ఱెలను సమర్పించిన వైనం పదేపదే కనిపిస్తుంది. మందను స్వీకరించిన కాపరి దేవునికి నేయి కొలిచి ఇవ్వాలి. దీపంతోపాటు అది ఆరకుండే ఉపాయాన్ని కూడ పెద్దలు దానంలోనే ఇమిడ్చారు.

నేటి సేవాసంస్థలకు కొరవడినది ఆ ఉపాయమే. 2013 కంపెనీల చట్టం పెద్ద సంస్థల సగటు నికరలాభంలో 2 శాతం సమాజసేవకు విధించింది. ఆ ధనమూ తరచుగా కంటికి కనబడే పనులవైపే మొగ్గుతుంది. విదేశీ విరాళాలలో పరిపాలనా వ్యయానికి అనుమతించిన 50 శాతం, 2020 సవరణతో 20 శాతానికి తగ్గింది. దుర్వినియోగాన్ని అరికట్టడం ధర్మమే. కాని లెక్కలు వ్రాసే గుమాస్తా జీతం, కార్యాలయపు అద్దె ఎవరు భరించాలి?

నా అర్చకత్వంలో గోపురానికి, గంటకు దాతలు రావడం చూచాను. నూనెకు, ఊడ్చేవారి జీతానికి రావడం అరుదు. ఈ ఆలయం జీర్ణమైనదీ ఏటేటి చిన్న మరమ్మతుకు సొమ్ము లేకనే కదా!

కావున ఆలయానికైనా, అనాథాశ్రమానికైనా, ఇచ్చేదానిలో ఒక భాగాన్ని నిత్యపోషణకు శాశ్వతనిధిగా నిలపండి. ఫలకంపై పేరు లేకున్నా ఆ పుణ్యం తరగదు.

స్వస్తి.