మామ్మకి అన్నం పెట్టలేదా?



మలికిపురంలో ఒక ఇల్లు అనుకోండి. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు. అరుగు మీద మామ్మ. మధ్యాహ్నం పన్నెండింటికి కోడలు అన్నం పెట్టింది. మామ్మ తిన్నది. చెయ్యి కడుక్కుంది. ఒంటిగంటకి పక్కింటావిడ వచ్చింది.

"అన్నం తిన్నావా పిన్నీ?"

"ఎక్కడమ్మా! పొద్దుట్నుంచీ ఒక్క మెతుకు పెట్టినవాళ్లు లేరు."

సాయంత్రానికి ఆ మాట వీధంతా పాకింది. రాత్రికి గల్ఫులో ఉన్న కొడుకు ఫోను చేశాడు. పెళ్లాన్ని కోప్పడ్డాడు. కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇందులో అబద్ధం ఎవరిది? ఎవరిదీ కాదు. మామ్మ తిన్న సంగతి నిజంగానే మరిచిపోయింది.

పెద్దతనంలో మరుపు మామూలే. చీటీ డబ్బు ఎక్కడ దాచామో వెతుక్కుంటాం. అది జబ్బు కాదు. చీటీ కట్టడం అంటే ఏమిటో తెలియకపోతే అది వేరు. మెదడు దెబ్బతిని ఇలా జరుగుతుంది. దీన్ని డిమెన్షియా అంటారు. అల్జీమర్స్ అనేది ఇందులో ఎక్కువమందికి వచ్చే రకం. మనం మాత్రం "చాదస్తం" అని కొట్టిపారేస్తాం. 2023లో వచ్చిన ఒక పెద్ద సర్వే లెక్క చూడండి. మన దేశంలో 60 ఏళ్లు దాటిన ప్రతి 100 మందిలో సుమారు 7గురికి ఈ జబ్బు ఉంది. మగవారికంటే ఆడవారిలో ఎక్కువ.

మరి జబ్బు అని ఎలా తెలుస్తుంది? "ఈవేళ తారీఖెంత? వందలోంచి ఏడు తీస్తే ఎంత?" అని అడిగితే చాలదు. బడికి వెళ్లని ముసలమ్మ ఏం చెబుతుంది? ఆవిడకి తారీఖు తెలియకపోవచ్చు. ఏకాదశి ఎప్పుడో తెలుసు!

ఈ చిక్కు హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో డాక్టర్లకి ఎదురైంది. అక్కడి పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదు. మన దేశపు డాక్టర్లు, అమెరికా డాక్టర్లు కలిసి వేరే ప్రశ్నలు తయారుచేశారు. ఆ పట్టిక 1999లో అచ్చయింది. ప్రశ్నలు రోగిని కాదు, ఇంట్లోవాళ్లని అడగాలి. తిన్న సంగతి మరిచి మళ్లీ అన్నం అడుగుతుందా? ఊళ్లో దారి తప్పుతుందా? మొదలెట్టిన పని పూర్తి చేస్తుందా? ఒక కబురు చెప్పి పంపితే సరిగ్గా చేరవేస్తుందా? బట్టలు ఖరాబైనా పట్టించుకోదా? ఇలాంటివి. చూడండి, అన్నం సంగతి అందులోనే ఉంది!

అయితే జాగ్రత్తగా చూడాలి. కోడలు వచ్చాక అత్తగారు గరిట వదిలేస్తుంది. కూర్చోబెట్టి పెట్టడం మనకి మర్యాద. అందువల్ల ఆవిడ వంట మరిచిపోయినా ఎవరికీ తెలియదు. ఒకరోజు పనసపొట్టు కూర చేయమనండి. ఆవ పెట్టిందో లేదో మరిచి రెండోసారి పెడితే గమనించండి. తాతగారు జన్మలో వంట చేయలేదు. ఆయన్ని ఆ ప్రశ్న అడిగి లాభం లేదు. ఆయన కొబ్బరి దింపు లెక్క సరిగ్గా చూస్తున్నారా అని చూడాలి. మనిషిని నిన్నటి ఆ మనిషితోనే పోల్చాలి, పక్కింటి ముసలమ్మతో కాదు.

ఇంకో మాట. మామ్మ కొబ్బరి ఈనెల చీపుర్లు కట్టడం మానేసింది. ఎందుకు? మోకాళ్ల నొప్పా? కంటి శుక్లమా? లేక కట్టే తీరే మరిచిపోయిందా? మొదటి రెండూ ఈ జబ్బు కాదు. మామూలుగా ముందు డబ్బు లెక్కలు, బజారు పనులు, వంట పోతాయి. చీర కట్టుకోవడం, స్నానం, దొడ్డికి వెళ్లడం తరవాత పోతాయి.

రెండు మూడు రోజుల్లోనే మనిషి తికమకపడిపోతే ఆలస్యం చేయకండి. జ్వరం కావచ్చు, మూత్రంలో చీము కావచ్చు. వెంటనే డాక్టరుకి చూపించాలి. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తగ్గినా, దిగులు జబ్బు ఉన్నా మరుపు వస్తుంది. వీటికి మందులున్నాయి. అల్జీమర్స్‌ని పూర్తిగా నయం చేసే మందు లేదు. అయినా ఏమిటో తెలిస్తే ఇంట్లో గొడవలు తగ్గుతాయి. "ఇందాకే తిన్నావు కదా!" అని వాదించి లాభం లేదు. ఆవిడ మనసులో అది జరగనే లేదు.

పెద్దవారి సహాయానికి 14567 అనే ఫోను నంబరు ఉంది. డబ్బు కట్టక్కర్లేదు.

ఇక ఆ ఇంటి సంగతి. కోడలు రాత్రి బడిలో అక్షరాలు నేర్చింది. మనవడి పాత నోటుపుస్తకం తీసుకుంది. రోజూ రెండు ముక్కలు రాయసాగింది.

"సోమవారం. పన్నెండింటికి అన్నం తిన్నది. గంటకి మళ్లీ అడిగింది. కొంచెం మజ్జిగన్నం పెట్టాను."

"గురువారం. కాలవ గట్టు మీద నుంచి ఇంటికి దారి తెలియలేదు. పాలాయన తీసుకొచ్చాడు."

"శనివారం. జాకెట్టు తిరగేసి తొడిగింది."

నెల అయ్యాక ఆ పుస్తకం ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు ప్రతి పేజీ చదివాడు. ఆ రాత్రి కొడుకు ఫోను చేశాడు. కోడలు ఏమీ అనలేదు. సోమవారం నుంచి చదివి వినిపించడం మొదలుపెట్టింది.