గురక తగ్గించే మౌత్‌పీస్: నోట్లో నిలవాలంటే ఎలా ఉండాలి?

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ఇంట్లో గురక పెట్టేది ఎవరు? నాన్నా? తాతయ్యా? అన్నయ్యా? "నేనే" అని మాత్రం ఎవరూ అనరు, గమనించారా? ఎందుకంటే గురక పెట్టేవాళ్లకి వాళ్ల గురక వినపడదు కదా.

ఏలూరులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం. బెర్త్ మీద నడుం వాలుస్తాం. కింద బెర్త్ ఆయన మొదలుపెడతాడు. ఇక బోగీ మొత్తానికి జాగారమే. తెల్లారాక ఆయనే లేచి, "ఏంటి బాబూ, కళ్లు అలా ఎర్రగా ఉన్నాయి, నిద్ర పట్టలేదా?" అని మనల్నే పరామర్శిస్తాడు. మనం నవ్వేసి ఊరుకుంటాం. కుంభకర్ణుడు అంటాం, ట్రాక్టర్ అంటాం. 2023లో 'గుడ్ నైట్' అని తమిళ సినిమా వచ్చింది, మనలో చాలామంది తెలుగు డబ్బింగ్‌లో ఫోన్‌లోనే చూశాం. అందులో హీరో కష్టమంతా గురకే. నవ్విస్తూనే, ఆ మనిషి ఎంత సిగ్గుపడతాడో కూడా చూపించారు.

నవ్వు ఆగిపోయే విషయం ఒకటి చెప్తా. 'గ్యాంగ్ లీడర్' పాటలు తెలుసుగా? వాటికి మ్యూజిక్ ఇచ్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో చనిపోయారు. కారణంగా డాక్టర్లు చెప్పింది అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా. అంటే నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగడం. ఈ జబ్బుకి అందరికీ తెలిసిన గుర్తు గురకే.

సరే, ఈ టాపిక్ ఎందుకు ఎత్తుకున్నానంటే, మా బాబాయి వల్ల. మాది తాడేపల్లిగూడెం. బాబాయిది కైకలూరు అవతల, కొల్లేరు పక్కన. చేపల చెరువుల మీద కాపలా. రాత్రంతా గట్టు మీద షెడ్డులో పడక. ఆయన గురకకి కొంగలు కూడా లేచిపోతాయని ఊళ్లో జోకు. పిన్ని అయితే నాలుగేళ్లుగా వేరే గదిలో పడుకుంటోంది. ఒకరోజు తెల్లవారుజామున బండి మీద ఇంటికి వస్తూ, గట్టు మీద నడుపుతూనే నిద్రపోయాడు. బండి చెరువులోకి, ఆయన తుమ్మ పొదలోకి. దెబ్బలు పెద్దగా తగల్లేదు, దేవుడి దయ. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ జోకు వేయలేదు.

నేను చదివింది మెకానికల్. మనకి ఏ సమస్య వచ్చినా ముందు గుర్తొచ్చేది ఆన్‌లైన్ షాపింగే కదా! గురక తగ్గించే మౌత్‌పీస్ ఒకటి ఆర్డర్ పెట్టా. వేడినీళ్లలో మెత్తబెట్టి, పళ్లతో కరిచి షేపు తెచ్చుకునే రకం. మొదటి రాత్రి చొంగ. రెండో రాత్రి దవడ నొప్పి. మూడో రాత్రి ఆయనకి తెలియకుండానే నోట్లోంచి తీసి విసిరేశాడు. పొద్దున చూస్తే గట్టు మీద కుక్క దాన్ని నములుతోంది. "ఒరేయ్, ఇది నాకు పనికిరాలేదు గానీ దానికి బాగా నచ్చిందిరా" అన్నాడు బాబాయి.

అప్పుడు అర్థమైంది నాకు. సైన్సు తప్పు కాదు. డిజైన్ తప్పు. నోట్లో నిలవని మౌత్‌పీస్ ఎంత గొప్పదైనా దండగే. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు గురక ఎలా వస్తుందో చూద్దాం. వెల్లకిలా పడుకున్నారు. నిద్ర పట్టింది. ఒళ్లంతా వదులైనట్టే నాలుకా, గొంతు కండరాలూ వదులవుతాయి. నాలుక వెనక్కి జారుతుంది. గాలి దారి ఇరుకవుతుంది. ఇరుకు సందులోంచి గాలి దూసుకెళ్తుంటే అంగిలి వెనకాల ఉండే మెత్తటి భాగం, కొండనాలుక అదురుతాయి. ఆ అదురుడే గురక. దారి ఇంకా ఇరుకై పూర్తిగా మూసుకుపోతే శబ్దమే ఉండదు! ఒక్కసారిగా నిశ్శబ్దం. పది సెకన్లు, ఇరవై సెకన్లు... తర్వాత ఉక్కిరిబిక్కిరై పెద్ద గుటక వేసి మళ్లీ మొదలు. ఇంట్లోవాళ్లు "హమ్మయ్య, ఆగింది" అనుకునే ఆ క్షణమే అసలు డేంజర్.

ఆక్వా రైతుల పిల్లలు ఎవరైనా చూస్తుంటే మీకు వెంటనే అర్థమవుతుంది. చెరువులో చేపలు ఎప్పుడు తేలతాయి? తెల్లవారుజామున. రాత్రంతా ఎండ ఉండదు, నాచు ఆక్సిజన్ తయారుచేయదు, పైగా అదీ పీల్చుకుంటుంది. తెల్లారేసరికి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అందుకే ఆ టైములో ఏరియేటర్లు తిప్పుతారు. మనిషికీ అంతే. కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ. ఆ నిద్రలో కండరాలు ఇంకా వదులు. చాలామందికి ఊపిరి ఆగడం అప్పుడే ఎక్కువవుతుంది. చెరువుకి ఏరియేటర్ పెట్టి కాపలా కాసే మా బాబాయికి, ఆయన ఒంట్లో ఆక్సిజన్‌కి కాపలా ఎవరూ లేరు.

మరి మౌత్‌పీస్ ఏం చేస్తుంది? చాలా సింపుల్. కింది దవడని కొంచెం ముందుకు పట్టి ఉంచుతుంది. నాలుక దవడకే అతుక్కుని ఉంటుంది కాబట్టి దవడతో పాటు నాలుకా ముందుకొస్తుంది, వెనకాల దారి తెరుచుకుంటుంది. ఇప్పుడే ట్రై చేయండి. నోటితో గురక శబ్దం చేయండి. ఇప్పుడు కింది పళ్లు పై పళ్ల కంటే ముందుకు తెచ్చి మళ్లీ చేయండి. కష్టంగా ఉంది కదా? ఆ ఐడియానే. పాతదే ఇది. ఫ్రాన్స్‌లో పియర్ రాబిన్ అనే డాక్టర్ 1900ల మొదట్లోనే, దవడ చిన్నదై ఊపిరాడని పిల్లల కోసం ఇలాంటి పరికరం వాడాడు.

ఇప్పుడు అసలు డిజైన్‌కి వద్దాం. (మోడల్ చూపిస్తూ) దీన్ని ఇలా పట్టుకుని చూడండి.

మొదటిది, దవడ ఎంత ముందుకు? ఇక్కడే నేను తెచ్చినది ఫెయిలైంది. అది ఒకటే కొలత, అందరికీ. కానీ ఒక్కొక్కరి దవడ ఒక్కోలా కదులుతుంది. డెంటిస్టులు చిన్న స్కేలు లాంటి గేజ్ పెట్టి, దవడ పూర్తిగా ఎంత ముందుకు వస్తుందో కొలుస్తారు. అందులో సుమారు సగం దగ్గర మొదలుపెడతారు. అక్కడ అలవాటు పడ్డాక అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో జరుపుతూ వెళ్తారు. గురక తగ్గాలి, నొప్పి రాకూడదు, ఆ రెండూ కలిసే చోట ఆగాలి. మొదటి రాత్రే పూర్తిగా ముందుకు లాగేస్తే ఆ దవడ ఊరుకోదు. కొత్త చెప్పులేసుకుని మొదటిరోజే ద్వారకా తిరుమల నడిచి వెళ్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

రెండోది మందం. ఎక్కువ మందంగా ఉంటే నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. మామూలుగా "నోరు తెరిస్తే గాలి బాగా ఆడుతుంది కదా" అనుకుంటాం. తప్పు. నోరు ఎక్కువ తెరిస్తే కింది దవడ తిరిగి వెనక్కి వెళ్తుంది. ముందుకు తెచ్చిందంతా అక్కడ పోతుంది. అందుకని విరగనంత గట్టిగా, వీలైనంత పల్చగా ఉండాలి.

మూడోది నాలుక జాగా. నాలుక వైపు మెటీరియల్ ఎంత పెరిగితే నాలుక అంత వెనక్కి పోతుంది. అంటే గురక తగ్గించాల్సిన వస్తువే గురక పెంచుతుందన్నమాట. లోపలి వైపు సన్నగా ఉండాలి, బరువంతా పళ్ల మీదే ఉండాలి.

నాలుగోది పట్టు. ఒకటి రెండు పళ్ల మీద బలం పడితే అవి నొప్పెడతాయి, కదులుతాయి కూడా. అన్ని పళ్ల మీదా సమానంగా పడాలి. పై దవడకీ కింది దవడకీ కొన్ని గట్టి పళ్లుంటేనే ఇది కూర్చుంటుంది. పళ్లు లేని తాతయ్యలకి వేరే రకం ఉంది. మెత్తటి బుడగలాంటిది, అందులో నాలుక కొన పెడితే గాలి పీల్చినట్టు పట్టి నాలుకని ముందుకు ఉంచుతుంది. షికాగోలో కార్ట్‌రైట్, శామెల్సన్ అనే ఇద్దరు 1982లోనే దీని గురించి పేపర్ వేశారు.

ఐదోది అంచులు. అందరూ వదిలేసేది ఇదే. చిగురుకి తగిలే అంచు గుండ్రంగా, నున్నగా ఉండాలి. పెదవి లోపల మధ్యలో సన్నటి తాడులాంటిది ఉంటుంది, నాలుకతో తడిమి చూడండి. అక్కడ అంచుకి నొక్కు ఇవ్వాలి. లేదంటే రెండు రాత్రుల్లో పుండు పడుతుంది.

ఆరోది కదలిక. పైదీ కిందిదీ ఒకే ముద్దగా అంటించేసిన రకం చవక, గట్టి. కానీ నిద్రలో మనం పళ్లు కొరుకుతాం, ఆవలిస్తాం, దవడ పక్కలకి జరుపుతాం. రెండు ముక్కలుగా చేసి, పక్కల చిన్న పట్టీలతో కలిపితే దవడకి కొంచెం ఆట ఉంటుంది. తెలివి వచ్చినప్పుడు గుక్కెడు మంచినీళ్లు కూడా తాగొచ్చు. ముక్కు దిబ్బడ ఉండేవాళ్లకి ముందు భాగంలో గాలి సందు కూడా కావాలి.

ఇంజినీరింగ్ స్టూడెంట్స్‌కి ఒక మాట. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది, ఏలూరు, భీమవరం చుట్టూ కాలేజీలు బోలెడు. ప్రాజెక్టుకి ఇది సూపర్ టాపిక్. కానీ ల్యాబ్‌లో త్రీడీ ప్రింటర్ ఉంది కదా అని పీఎల్ఏతో ప్రింట్ చేసి ఎవరి నోట్లోనూ పెట్టకండి. పొరల మధ్య గీతల్లో బ్యాక్టీరియా చేరుతుంది, ముక్క విరిగి గొంతులో పడితే ప్రాణం మీదకి వస్తుంది. సరిగ్గా గట్టిపడని రెసిన్ చిగుళ్లని మండిస్తుంది. నోటికి వాడొచ్చని అనుమతి ఉన్న మెటీరియల్ వేరే ఉంటుంది. మీరు ఒక డెంటల్ కాలేజీతో కలిసి పనిచేయండి. ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ ఉంది, భీమవరంలో విష్ణు ఉంది. డిజైన్ మీది, నోటి బాధ్యత వాళ్లది.

టెస్టింగ్ ఎలా? మీ చేతిలో ఫోన్ ఉందిగా. గురక రికార్డ్ చేసే యాప్ వేసి, ఫోన్ రోజూ ఒకే చోట, ఒకే దూరంలో పెట్టండి. ఒక వారం మౌత్‌పీస్ లేకుండా, ఒక వారం దాంతో. ఎన్ని గంటలు నోట్లో ఉందో కూడా రాసుకోండి. ఎందుకంటే ఈ రంగంలో పెద్ద పాఠం అదే. ఊపిరి ఆగడానికి గట్టి మందు సీప్యాప్ మెషీన్. 1981లో ఆస్ట్రేలియాలో కొలిన్ సలివాన్ అనే డాక్టర్ మొదటగా ఐదుగురు పేషెంట్ల మీద రిపోర్ట్ చేశాడు. మాస్కులోంచి గాలి ఒత్తిడితో పంపి గొంతు దారి తెరిచి ఉంచుతుంది. మౌత్‌పీస్ కంటే అది బాగా పనిచేస్తుంది. కానీ చాలామంది అర్ధరాత్రి మాస్కు పీకేస్తారు. మౌత్‌పీస్ బలం తక్కువైనా ఎక్కువ గంటలు ఉంచుకుంటారు. చివరికి రెండింటి లాభం దగ్గర దగ్గరగా వస్తుంటుంది. అంటే కంఫర్ట్ అనేది లగ్జరీ కాదు ఫ్రెండ్స్, అది కూడా మందులో భాగమే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. కొంచెం శ్రద్ధగా వినండి. శబ్దం తగ్గడం వేరు, ఊపిరి సరిగ్గా ఆడటం వేరు. మౌత్‌పీస్‌తో గురక సగమై, లోపల ఊపిరి ఆగడం అలాగే ఉండొచ్చు. చేపలు తేలట్లేదని ఆక్సిజన్ బాగున్నట్టు కాదు, మీటర్ పెట్టి చూడాలి. మనిషికి ఆ మీటరే స్లీప్ స్టడీ. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో లెక్కపెడతారు. 5 లోపు నార్మల్. 5 నుంచి 15 తక్కువ స్థాయి, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

ఇంట్లోవాళ్లలో ఇవి చూడండి: గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, ఎంత పడుకున్నా పగలు తూగడం, పొద్దున్నే తలనొప్పి, తగ్గని బీపీ, లావు మెడ. వీటిలో ఏవైనా ఉంటే ముందు డాక్టర్, తర్వాతే మౌత్‌పీస్. చిన్నపిల్లలు గురక పెడితే దీని జోలికే వెళ్లొద్దు, ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి, టాన్సిల్సో, అడినాయిడ్సో అయ్యుండొచ్చు. పళ్లు కదులుతున్నా, చిగుళ్ల జబ్బున్నా, దవడ కీలు నొప్పున్నా ముందు వాటి సంగతి చూడాలి. ఏళ్ల తరబడి వాడితే పళ్ల వరస కొంచెం మారొచ్చు, అందుకే అప్పుడప్పుడూ డెంటిస్ట్‌కి చూపిస్తూ ఉండాలి. రోజూ చల్లటి నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగండి. వేడినీళ్లు వద్దు, షేపు పోతుంది. డబ్బాలో పెట్టండి, కుక్కకి అందకుండా!

బాబాయి సంగతి చెప్పలేదు కదూ. డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన నోరు కూడా తెరవమనలేదు. పిన్నిని అడిగాడు, "నిద్రలో ఊపిరి ఆగుతోందామ్మా?" అని. పిన్ని ఏడ్చేసింది. "ఆగుతుందండీ. వేరే గదిలో పడుకున్నా అది వినడానికే మెలకువగా ఉంటున్నా" అంది. గురక భరించలేక వెళ్లిపోయిందనుకున్నాం మేమంతా. టెస్ట్‌లో మధ్యస్థం అని వచ్చింది. సీప్యాప్ చెప్పారు. గట్టు మీద షెడ్డులో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదని బాబాయి మొండికేశాడు. అప్పుడు కొలతలు తీసి మౌత్‌పీస్ చేశారు. కుదురుకోవడానికి మూడు నెలలు పట్టింది. అది పెట్టుకుని మళ్లీ స్లీప్ స్టడీ చేస్తే నంబర్ బాగా తగ్గింది, సున్నా మాత్రం అవ్వలేదు. గురక ఇంకా ఉంది, పక్కకి తిరిగి పడుకుంటే తక్కువ. రాత్రి మందు మానేశాడు, అదీ కలిసొచ్చింది. పిన్ని పాత గదిలోకి వచ్చేసింది.

మీరు చేయాల్సింది ఒక్కటే. ఈ రాత్రి ఇంట్లో ఎవరైనా గురక పెడుతుంటే తలగడ చెవుల మీద వేసుకోకుండా, ఒక్క ఐదు నిమిషాలు వినండి. మధ్యలో నిశ్శబ్దం వస్తే అంకెలు లెక్కపెట్టండి. పది దాటిందా, పొద్దున్నే వాళ్లతో మాట్లాడండి. వెక్కిరించకుండా, మెల్లగా.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. హాయిగా పడుకోండి. ఉంటానండి.